బీమా కాగితముమీద విశ్వాసి సంతకము

ధ్యానమునకు వాక్యభాగములు: నిర్గమకాండము 22:10–15, కీర్తన 15, మత్తయి 5:23–26



నిర్గమకాండము 22వ అధ్యాయము మన కూటములలో తరచుగా చదువబడదు. 20వ అధ్యాయములోని పది ఆజ్ఞలను పిల్లలచేత కంఠస్థము చేయింతుము. వాటి తరువాత వచ్చు ఎద్దులు, గాడిదలు, మూయని గోతులు, చేనికి అంటుకొన్న నిప్పు మొదలగు సంగతులను పాతకాలపు పల్లె తగవులని యెంచి పుట త్రిప్పుదుము. అయితే సీనాయి కొండమీద ఉరుములతో దిగివచ్చిన దేవుడే, పొరుగువాని యెద్దు దెబ్బతిన్నప్పుడు ఆ నష్టము ఎవరు అచ్చుకొనవలెనో కూడ చెప్పెను. అది ఆయనకు అల్పమైన సంగతిగా తోచలేదు.

ఒకడు పొరుగువానియొద్ద పశువును ఎరవు తెచ్చుకొనెననుకొనుడి. అది గాయపడెను, లేక చచ్చెను. ధర్మశాస్త్రము మొదట అడుగు ప్రశ్న యిది: ఆ సమయమున యజమానుడు దానియొద్ద ఉండెనా? లేనియెడల తెచ్చుకొన్నవాడే సొమ్ము చెల్లింపవలెను, ఉన్నయెడల చెల్లింపనక్కరలేదు. మరియొక ప్రశ్న: అది అద్దెకు తెచ్చినదా? అట్లయిన లెక్క వేరు. మృగము చీల్చిన పశువైతే, ఆ చీల్చబడిన దానినే సాక్ష్యముగా తీసికొని రావలెను. చూచినవారెవరును లేనప్పుడు ఇద్దరి మధ్య యెహోవా పేరట ప్రమాణము నిలుచును.

ఇప్పుడు కారు ఇన్సూరెన్సు క్లెయిము ఫారమును చేతిలోనికి తీసికొని చూడుడి. ప్రమాద సమయమున బండి నడిపినది ఎవరు? అతనికి లైసెన్సు ఉన్నదా? నేర్చుకొనువాడైతే లైసెన్సుగలవాడు ప్రక్కన కూర్చుండెనా? బండి సొంతపనిమీద పోయెనా, కిరాయికి పోయెనా? చూచినవారెవరు? అన్నిటికంటె క్రింద ఒక గీత, ఆ గీతమీద సంతకము. పైన వ్రాసినదంతయు సత్యమని దాని అర్థము. మోషే కాలపు ప్రశ్నలే మన చేతికి వచ్చినవని చెప్పిన తప్పు కాదు.

మన గుడి ఆవరణలో ఎద్దుబండ్లు విప్పిన చింతచెట్టు క్రింద ఇప్పుడు కార్లు నిలుచుచున్నవి. అందుకు దేవునికి స్తోత్రము. అయితే బండితోకూడ కాగితములును వచ్చినవి. మన దేశములో ఎదుటివారికి కలుగు నష్టమునకు బీమా లేకుండ మోటారుబండిని రోడ్డుమీదికి తేరాదను నిర్బంధము 1946 జూలై 1 నుండి ఉన్నది. ఇప్పటి 1988 మోటారు వాహనముల చట్టములో అది 146వ సెక్షను. దీనినే థర్డ్ పార్టీ బీమా అందురు. మన బండికి తగిలిన దెబ్బకు సొమ్ము కావలెననిన, ఓన్ డ్యామేజీ అను రెండవ భాగమునకు కూడ ప్రీమియము కట్టియుండవలెను. మొదటిది మాత్రమే కట్టి, తమ బంపరునకు డబ్బు రాలేదని కంపెనీని శపించువారిని నేను చూచితిని. వారి కోపము న్యాయమైనది కాదు.

మన పాస్టరేటులోని ఒక సంఘములో జరిగిన సంగతి చెప్పుదును. ఆ కుటుంబమువారి అనుమతితోనే వ్రాయుచున్నాను, పేర్లు అక్కరలేదు.

అవి వరికోతల దినములు. రోడ్డుమీద సగము మేర వడ్లు ఆరబోసియుండిరి. తండ్రి సంఘపెద్ద. కుమారునికి పందొమ్మిదేండ్లు, చేతిలో ఎల్.ఎల్.ఆర్. మాత్రమే ఉన్నది. తండ్రి ఎరువుల కొట్టుయొద్ద దిగి, “వంతెనదాకా పోయి బండి తిప్పుకొని రా” అని పిల్లవానిని ఒంటరిగా పంపెను. వాడు వడ్లమీదికి పోకుండ ప్రక్కకు తీయబోయి, ఎదురుగా మోపెడ్‌మీద వచ్చుచున్న పాలవానికి తగిలించెను. దేవుని కృపచేత పాలవానికి మోచేయి గీరుకొనుట తప్ప మరి దెబ్బ లేదు. రెండు క్యానుల పాలు వడ్లలో కలిసినవి, మోపెడ్ హ్యాండిలు వంగెను. కారు బంపరు చీలి, ఒక హెడ్‌లైటు పగిలెను. షెడ్డులో చూపగా 18,000 రూపాయలు అగునని చెప్పిరి.

నేర్చుకొనువాడు బండి నడుపునప్పుడు లైసెన్సుగలవాడొకడు ప్రక్కన కూర్చుండవలెను, బండికి ముందు వెనుక తెల్లని పలకమీద ఎఱ్ఱని ఎల్ అక్షరము ఉండవలెను. ఇది 1989 కేంద్ర మోటారు వాహనముల నియమములలో 3వది. ఈ నియమము పాటించిననే నేర్చుకొనువాడు నడిపిన బండికి ఓన్ డ్యామేజీ సొమ్ము వచ్చునని పాలసీలోనే వ్రాసియుండును. తండ్రికి ఈ సంగతి షెడ్డులోనే ఎవరో చెప్పిరి. గనుక ఫారములో, కుమారుడు నడుపుచుండెననియు, తాను ప్రక్కసీటులో కూర్చుంటిననియు వ్రాసి సంతకము చేసెను. మొదటిమాట నిజము. రెండవమాట ఆ నిజము చాటున నిలుచున్న అబద్ధము. ఏదెను తోటలో సర్పము పలికిన మాటలును ఇట్లే నిజమును అబద్ధమును కలిపి అల్లినవే.

సర్వేయరు వచ్చి, టీ కొట్టులో అడిగెను, పాలవానిని అడిగెను. సామెతలు 18:17లో జ్ఞాని చెప్పునది ఇదియే: మొదట మాటలాడినవాని పక్షమే న్యాయముగా కనబడును, తరువాత ఎదుటివాడు వచ్చి పరిశోధించును. కొన్ని వారములకు కంపెనీనుండి ఉత్తరము వచ్చెను. సంగతులు ఉన్నవి ఉన్నట్లు తెలుపనందున క్లెయిము నిరాకరింపబడినదని అందులో ఉన్నది.

ఆ ఉత్తరము పట్టుకొని తండ్రి నాయొద్దకు వచ్చెను.

“అయ్యగారూ, మీరొక ఉత్తరం రాసి ఇయ్యండి. ఆ రోజు నేను బండిలోనే ఉన్నానని, మీరు చూశారని రాయండి. కింద సంఘముద్ర వేస్తే ఇక వాళ్లు కాదనలేరు. ఏడేళ్లనుంచి ప్రీమియం కడుతున్నాను, ఒక్క రూపాయి అడిగి ఎరగను. ఇది నా డబ్బే గదండీ.”

“అన్నగారూ, ఆ రోజు నేను అక్కడ లేను గదా” అంటిని.

“లేకపోతేనేమండీ? నేను అబద్ధాలాడే మనిషిని కాదని మీకు తెలుసు.”

నేను జవాబు చెప్పకముందే, గడపయొద్ద నిలుచున్న కుమారుడు, “నాన్నా, నువ్వు కొట్టుకాడే ఉన్నావు గదా. నన్ను ఒక్కణ్ణే పొమ్మన్నావు” అనెను. ఆ పిల్లవాడు ఆ సంవత్సరమే నాయొద్ద కన్ఫర్మేషను తరగతిలో తొమ్మిదవ ఆజ్ఞను నేర్చుకొనెను. తండ్రి చాలసేపు తల యెత్తలేదు.

ప్రియులారా, ఈయన దొంగ కాడు. సంఘపు లెక్కలు పది సంవత్సరములు ఈయన చేతిలో ఉన్నవి, ఒక్క పైసా తేడా రాలేదు. పెద్ద ఆపద వచ్చియుండిన మోకాళ్లమీద పడి ప్రార్థించియుండును. వచ్చినది చిన్న నష్టము గనుక ప్రార్థింపక పెన్సిలు తీసికొనెను. నేను గమనించినంతవరకు విశ్వాసులు ఎక్కువగా జారునది ఇట్టి చోటనే. ప్రాణముమీదికి వచ్చినప్పుడు సత్యమునకు నిలుచువారు, పగిలిన హెడ్‌లైటు విషయములో “ఇదొక పాపమా?” అందురు.

ఆ దినమున మేము ముగ్గురము కలిసి 15వ కీర్తన చదివితిమి. దేవుని గుడారములో నివసింపదగినవాడెవడో దావీదు అందులో చెప్పుచున్నాడు. వాని లక్షణములలో ఒకటి, ప్రమాణము చేసినందున తనకే నష్టము వచ్చినను మాట మార్చకుండుట. తండ్రి అక్కడనే కూర్చుండి కంపెనీకి నాలుగు పంక్తుల ఉత్తరము వ్రాసెను. ప్రమాద సమయమున తాను బండిలో లేననియు, ముందు వ్రాసినది సరికాదనియు, క్లెయిమును విడిచిపెట్టుచున్నాననియు వ్రాసెను. ఆ ఉత్తరమునకు సాక్షిగా సంతకము చేయుమనగా నేను సంతోషముగా చేసితిని. కంపెనీ ఒక్క రూపాయి ఇయ్యలేదు, ఇయ్యనక్కరలేదు. 18,000 ఆయన సొంత చేతినుండియే పోయెను.

అయితే మరియొక లెక్క మిగిలియుండెను. ఇన్ని కాగితములు అటునిటు తిరుగుచున్న వారములలో పాలవానిని ఎవరును తలంచలేదు! మన ప్రభువు మత్తయి 5వ అధ్యాయములో బలిపీఠము నొద్ద అర్పణము విడిచి ముందు వెళ్లి సమాధానపడుమనినది ఇట్టివాని విషయమే. అతడు మన సంఘమువాడు కాడు, క్రైస్తవుడును కాడు. ఇక్కడ నేను సెమినరీలో ఉన్నప్పుడు చదివిన ఒక సంగతి చెప్పుట మంచిది. 1928లో స్కాట్లాండులోని పేస్లీ పట్టణములో ఒక స్త్రీ త్రాగిన అల్లపు పానీయపు సీసాలో కుళ్లిన నత్త ఉన్నదని వ్యాజ్యమాయెను. 1932లో లండనులోని ప్రభువుల సభ తీర్పు చెప్పునప్పుడు లార్డ్ ఆట్కిన్ అను న్యాయాధిపతి, లూకా 10వ అధ్యాయములో ధర్మశాస్త్రోపదేశకుడు యేసును అడిగిన ప్రశ్ననే చేతికి తీసికొనెను: నా పొరుగువాడెవడు? నేను చేయు పనివలన ఎవనికి హాని కలుగునో వాడే చట్టము దృష్టిలో నా పొరుగువాడని ఆయన తేల్చెను. అజాగ్రత్తవలన కలిగిన నష్టమునకు బాధ్యత ఎవరిదని మన కోర్టులలో నేడు జరుగు వాదములకు ఆ తీర్పు ఒక మూలము. యెరికో దారిలో ప్రభువు చెప్పిన ఉపమానము మన తారురోడ్డు వరకు వచ్చినదన్నమాట.

తండ్రియు కుమారుడును కలిసి పాలవాని ఇంటికి వెళ్లిరి. పోయిన పాలు, హ్యాండిలు ఖర్చు, రెండు దినములు పాలు పోయలేకపోయిన నష్టము కలిపి 3,500 అని లెక్క తేలెను. వీరు 4,200 ఇచ్చిరి. లేవీయకాండము 6వ అధ్యాయము, అన్యాయము చేసినవాడు అసలుకు అయిదవ వంతు కలిపి ఇయ్యవలెననుచున్నది గదా. పాలవాడు ఆ 700 వేరుచేసి, “ఇదేమి డబ్బండీ?” అని అడిగెనట. చెప్పుటకు తండ్రికి మాట రాలేదు. పిల్లవాడే చెప్పెను.

కొందరు అడుగవచ్చును: నష్టపోయినవానితో త్వరగా సమాధానపడుమని ప్రభువు చెప్పగా, పాలసీలోనేమో కంపెనీ వ్రాతమూలమైన అనుమతి లేకుండ తప్పు ఒప్పుకొనరాదు, సొమ్ము ఇచ్చెదనని మాట ఇయ్యరాదు అని షరతు ఉన్నదే, ఏది చేయవలెను? నిజమే, అట్టి షరతు ఉన్నది. ఎదుటివాని నష్టమును కంపెనీయే కట్టవలెనని మీరు కోరునెడల, ముందుగా కంపెనీకి తెలిపి వారు చెప్పినట్లు నడుచుట న్యాయము. సొంత డబ్బుతో తీర్చదలచినవారికి ఆ అడ్డు అంతగా లేదు. ఏది ఏమైనను, పడినవానిని లేపి, నీళ్లిచ్చి, ఆసుపత్రికి చేర్చి, మరునాడు వెళ్లి పలుకరించుటను ఏ పాలసీయు అడ్డగింపదు.

ఇంకొక శోధన షెడ్డులో ఉన్నది. “సార్, ఎడమ డోరుమీద పాత సొట్ట ఉంది గదా, అదీ ఈ బిల్లులో కలిపేద్దాం. కంపెనీయే ఇస్తుంది” అని మేస్త్రీ చల్లగా చెప్పును. లూకా 16వ అధ్యాయములోని గృహనిర్వాహకుడు యజమానుని బాకీపత్రములను దిద్దించినవాడు. నూరు మణుగుల నూనెను యాబదిగా వ్రాయించెను. అతని ముందుచూపును ప్రభువు ఎత్తి చూపెనే గాని, ఆ దిద్దుబాటును మనకు నేర్పలేదు. కంపెనీ సొమ్ము అనగా ఎవరి సొమ్ము? మన స్త్రీల సమాజమువారు ప్రతి పూట వంటకు ముందు పిడికెడు బియ్యము తీసి కుండలో వేయుదురు. బీమాయును అట్టి కుండయే. మనవలె ప్రీమియము కట్టు వేలమంది పిడికిళ్లు అందులో ఉన్నవి. అక్కరలేనివాడు వచ్చి, అక్కర ఉన్నదని చెప్పి, ఆ కుండలో చేయి పెట్టిన మన అక్కచెల్లెండ్రు ఊరకుందురా?

క్లెయిము చేయకముందే లెక్క చూచుకొనుడి. గోపురము కట్టదలచినవాడు ముందు కూర్చుండి లెక్క చూచుకొనవలెనని లూకా 14లో ఉన్నది గదా. సాధారణ పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగములకు ధరలో సగము తగ్గింతురు. గాజుకు తగ్గింపు లేదు. ఇనుపరేకు భాగములకు బండి వయస్సునుబట్టి తగ్గింతురు; ఆరు నెలలవరకు ఏమియు లేదు, పది సంవత్సరములు దాటిన సగము. ఇదిగాక 1500 సీసీలోపు కారుకు ప్రతి క్లెయిములో మొదటి 1,000 రూపాయలు మనమే భరింపవలెను. కూలి సంగతి విడిచిపెట్టి చూచిన, 6,000 రూపాయల బంపరునకు చేతికి వచ్చునది 2,000 మాత్రమే. క్లెయిము చేయని సంవత్సరములకు ఓన్ డ్యామేజీ ప్రీమియములో 20 శాతము మొదలుకొని 50 శాతమువరకు వచ్చు బోనస్ కూడ పోవును. అదనపు ప్రీమియము కట్టి జీరో డిప్రిసియేషను తీసికొన్నవారికి ఆ సగము కోత ఉండదు. ఈ లెక్క తెలియక “కంపెనీ మోసము చేసెను” అని కూటములో సాక్ష్యము చెప్పుట, మన ప్రక్కనుండి చెప్పు అబద్ధసాక్ష్యమగును.

ఇంతవరకు చదివి, క్రైస్తవుడు కంపెనీ ఏమి చెప్పినను నోరు మూసికొనవలెనని ఎవరును తలంచవద్దు. కంపెనీ మాట దైవవాక్కు కాదు. అన్యాయముగా నిరాకరించుటయు, కాగితములకై నెలలు త్రిప్పుటయు, రావలసిన దానిలో కోయుటయు జరుగుచునే ఉన్నవి. ఫిలిప్పీలో అధికారులు రహస్యముగా పంపివేయజూచినప్పుడు పౌలు ఒప్పుకొనక, వారే వచ్చి బయటికి తీసికొని పోవలెననెను (అపొ. కార్యములు 16). కైసరయలో కైసరు ఎదుటనే చెప్పుకొందుననెను (25వ అధ్యాయము). సత్యము మన ప్రక్కన ఉన్నప్పుడు అడుగుట పాపము కాదు. భార్యాబిడ్డలుగలవాడు తనకు న్యాయముగా రావలసిన దానిని భక్తి పేరట విడిచిపెట్టి వారిని ఇబ్బంది పెట్టుట నాకు సమ్మతము కాదు.

అడుగుటకు దారి ఉన్నది. చీల్చబడిన పశువును సాక్ష్యముగా తెమ్మని ధర్మశాస్త్రము చెప్పినట్లు, బండిని బాగుచేయించకముందే కంపెనీకి తెలిపి, దెబ్బతిన్నచోట ఫోటోలు తీసి, సర్వేయరు చూచువరకు విరిగిన ముక్కను పారవేయకుడి. ఆలస్యమైనదను ఒక్క సాకుతో నిజమైన క్లెయిమును త్రోసివేయరాదని బీమా నియంత్రణ సంస్థ 2011లోనే కంపెనీలకు వ్రాసినది. నిరాకరించునెడల, ఏ షరతు క్రింద నిరాకరించిరో వ్రాతమూలముగా అడుగుడి; సర్వే రిపోర్టు నకలు అడుగుడి. మొదట కంపెనీలోనే ఫిర్యాదుల అధికారికి వ్రాయుడి. నెల దినములలో జవాబు రాకున్నను, వచ్చినది సరికాకున్నను, హైదరాబాదులో బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటికిని వారే. కంపెనీ నిరాకరించిన సంవత్సరములోపు వ్రాయవలెను. రుసుము లేదు, ప్లీడరు అక్కరలేదు, వారి తీర్పు కంపెనీకి శిరోధార్యము. ఫోనులో చెప్పుకొనదలచిన నియంత్రణ సంస్థవారి సంఖ్య 155255. ఇవిగాక, 2019 చట్టము ప్రకారము జిల్లా వినియోగదారుల కమిషను ఉన్నది.

నిజము చెప్పిన సర్వము పోవునను భయము శోధకుడు పుట్టించునది. సొంతపనికి పాలసీ తీసికొన్న బండి కిరాయికి పోయి ప్రమాదమునకు గురియైన ఒక వ్యాజ్యములో, షరతు తప్పినది నిజమేయైనను, క్లెయిమును మొత్తముగా త్రోసివేయక కొంత సొమ్ము ఇప్పింపవలెనని 2010లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. మన పల్లెలలో తెల్ల నంబరు బండ్లు పెండ్లిండ్లకు కిరాయికి పోవుట అందరెరిగినదే, గనుక ఇది వ్రాయుచున్నాను. కిరాయికి త్రిప్పుడని కాదు! తప్పు జరిగిపోయినప్పుడు దానిని కప్పుటకు రెండవ తప్పు చేయకుడని.

రెండు బండ్లును మన సంఘమువారివే అయినప్పుడు మాత్రము 1 కొరింథీయులకు 6వ అధ్యాయము అడ్డము వచ్చును. బీమా కంపెనీ మన సహోదరుడు కాదు, దానిమీద ఫిర్యాదు చేయవచ్చును. కాని తప్పు నీదే, నీదేయని సహోదరులిద్దరు పోలీసు స్టేషను మెట్లమీద కేకలు వేసికొనుట మన ఊరిలో సువార్తకు గోతి త్రవ్వుటయే. మనుష్యులెవరికిని దెబ్బ తగలని చిన్న సంగతియైన, పెద్దలతో గుడిలో కూర్చుండి, రోడ్డుమీద నిలువబడి చూచినట్లు ఒక బొమ్మ గీసి, ఎవరెట్లు వచ్చిరో నెమ్మదిగా చెప్పుకొనుడి. సంఘపెద్దలు తాము కన్నులార చూడనిదానికి సాక్షి సంతకము చేయవద్దు, సంఘముద్రను దానికి వాడవద్దు.

పాలసీ కాగితములు ఇంగ్లీషులో సన్నని అక్షరములతో ఉండును, మనలో అనేకులకు చదువుట కష్టము. ఈ నెల రెండవ శనివారము సాయంకాలము యౌవనస్థుల కూటము తరువాత, చదువుకొన్న పిల్లలు గుడిలో కూర్చుండి, తెచ్చినవారి కాగితములను చదివి చెప్పుదురు. సెకండ్ హ్యాండ్ కార్లు కొన్నవారు ముందుగా తెండి. బండి చేతులు మారిన 14 దినములలో పాలసీని కూడ తమ పేరునకు మార్పించుకొనుటకు వ్రాసికొనవలెను, అనేకులు ఆర్.సి. మార్పించుకొని పాలసీని మరచుచున్నారు. ఓన్ డ్యామేజీ సొమ్మునకు అది పెద్ద చిక్కు. అప్పుడు పాత యజమానునిచేత దొంగ సంతకము పెట్టింపవలసిన గతి పట్టక మునుపే, కాగితమును గుడికి తీసికొని రండి.